షటిల్ కోర్టులో పికిల్‌బాల్: నెట్ దించితే సరిపోతుందా?

మియాపూర్‌వాసి:

నమస్తే అండి. మా అపార్ట్‌మెంట్‌లో రెండు బ్లాకుల మధ్య, సెల్లార్ స్లాబ్ మీద పాత షటిల్ కోర్టు ఉంది. సిమెంటు నేల. గోడ నుంచి గోడకు పొడవు 54 అడుగులు, వెడల్పు 30. అరవై దాటినవాళ్లూ పిల్లలూ కలిసి ఆడుకోవచ్చు, ఇరవై నిమిషాల్లో గేమ్ తేలిపోతుంది అని అసోసియేషన్ పికిల్‌బాల్‌కు (చిన్న బ్యాట్‌తో, రంధ్రాలున్న ప్లాస్టిక్ బంతితో నెట్ మీదుగా ఆడే ఆట) ఒప్పుకుంది. షటిల్ ఆడేవాళ్లు మాత్రం తమ గీతలు చెరిపితే ఊరుకోమంటున్నారు. రెండు కోర్టుల సైజూ ఒకటేనట కదా, నెట్ కిందికి దించి కట్టేస్తే చాలదా? నేల మీద కోటింగ్ వేయించాలా? వీధి చివర బాక్స్ క్రికెట్ టర్ఫ్ ఉంది, అందులో ఆడుకోండని ఒకరి సలహా. అది కుదిరేపనేనా?

గీతలబాబాయ్:

టర్ఫ్ సంగతి ముందు తేల్చేద్దాం. కుదరదు. ఈ ఆటలో సర్వీసు ఒకసారి, దాని రిటర్న్ ఒకసారి నేలకు తగిలి లేవాల్సిందే. గడ్డి, దాని కింద ఇసుక, రబ్బరు గుళ్లు ఉన్నచోట ఈ ప్లాస్టిక్ బంతి చతికిలబడుతుంది.

సైజు మాట నిజమే. రెండూ 20 × 44 అడుగులే. 1965లో అమెరికాలోని బెయిన్‌బ్రిడ్జ్ ద్వీపంలో ఈ ఆట పుట్టిందే ఒక ఇంటి పెరట్లోని షటిల్ కోర్టులో. నెట్ కూడా మొదట 60 అంగుళాల ఎత్తులోనే ఉండేది, తర్వాత 36కి దించారు. కాబట్టి బయటి గీతలు, మధ్య గీత మీకు ఉన్నవే సరిపోతాయి. కొత్తగా వేయాల్సినవి రెండే: నెట్‌కు అటూ ఇటూ 7 అడుగుల దూరంలో కిచెన్ గీతలు. కిచెన్ అంటే నెట్‌కూ ఆ గీతకూ నడుమ చోటు, అందులో ఉండి బంతిని గాల్లోనే కొట్టకూడదు. షటిల్ షార్ట్ సర్వీస్ లైన్ ఆరున్నర అడుగుల దగ్గర ఉంటుంది. అదే కిచెన్ అనుకుని ఆడితే అర అడుగు మోసం, రోజూ తగువు. రెండు గీతలూ దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి రంగు మార్చండి. షటిల్‌ది పసుపైతే ఇది నీలం. 7 అడుగుల కొలతలో గీత మందం కూడా కలిసే ఉండాలి, అంటే గీత బయటి అంచు 7 దగ్గరకు రావాలి. 48 మిల్లీమీటర్ల వెడల్పున్న అంటించే టేపు 40 అడుగులు ఉంటే పని అయిపోతుంది. ముందు ముగ్గు పిండితో గీసి వారం ఆడి చూసినా తప్పులేదు.

ఒక్క జాగ్రత్త. పాత పెయింటు గీతలు చాలాచోట్ల మూలమట్టానికి ఉండవు. మూల నుంచి ఎదురు మూలకు కొలత టేపు పట్టండి, రెండు వైపులా 48 అడుగుల 4 అంగుళాలు రావాలి. రెండు కొలతలకీ నాలుగైదు అంగుళాల తేడా ఉంటే ఆ గీతల్ని నమ్ముకోవద్దు. కొత్తగా అన్నీ వేస్తే మొత్తం 198 అడుగులు, అంటే 60 మీటర్ల పైచిలుకు టేపు పడుతుంది.

నెట్ దగ్గరే అందరూ పప్పులో కాలేసేది. షటిల్ స్తంభాలు సైడ్ గీత మీదే ఉంటాయి, 20 అడుగుల ఎడంలో. పికిల్‌బాల్‌కు 22 అడుగుల ఎడం కావాలి, ఒక్కో వైపు గీతకు అడుగు అవతల. ఎత్తు చివర్లలో 36 అంగుళాలు, నడుమ 34. షటిల్ నెట్‌నే కిందికి దించి కడితే స్తంభాలు ఆటకు అడ్డొస్తాయి, నడుమ జారిపోయి 30కి వస్తుంది, ఎవరూ కొలిచి చూడరు. చక్రాల ఫ్రేమున్న పోర్టబుల్ నెట్ కొనండి, పని కాగానే పక్కకు నెట్టేయొచ్చు. షటిల్ వాళ్లతో పేచీ కూడా ఉండదు. కొత్త స్తంభాల కోసం మాత్రం స్లాబ్‌కు డ్రిల్ పెట్టనివ్వకండి. కింద సెల్లార్, నడుమ వాటర్‌ప్రూఫింగ్. ఒక్క రంధ్రం చాలు వానాకాలమంతా కార్ల మీద కారడానికి.

ఇక స్థలం. కనీసం 30 × 60 అడుగులు ఉండాలంటారు. మీ వెడల్పు సరిగ్గా సరిపోయింది, పొడవే 6 అడుగులు తక్కువ. షటిల్‌కు వెనక 5 అడుగులు ఇబ్బంది అనిపించదు, కాక్ నేలకు తగిలి లేవదు కదా. ఇక్కడ బేస్‌లైన్ (వెనక గీత) దగ్గర పడిన సర్వీసు ఇంకా వెనక్కి లేస్తుంది, దాన్ని అందుకునేవాళ్లు గీతకు మూడు నాలుగు అడుగులు వెనక నిలబడాలి. వెనక గోడలకు ఆరడుగుల ఎత్తున ఫోమ్ ప్యాడింగ్ కట్టించండి. సరదా ఆటకు సరిపోతుంది. టోర్నమెంటు పెట్టాలని మాత్రం అనుకోకండి.

సివిల్_మేస్త్రి:

కోటింగ్ గురించి. సిమెంటు నున్నగా తిరగలేదంటే, పగుళ్లు లేవంటే, ఇప్పుడే ఏమీ వేయించకండి. ముందు ఒక పరీక్ష: కోర్టంతా నీళ్లు పట్టించి, వాలుగా పోనిచ్చి గంట ఆగండి. ఎక్కడైనా నాణెం మందం, అంటే ఓ 2 మిల్లీమీటర్ల నీరు నిలిస్తే అక్కడ పల్లం ఉన్నట్టు. ఆ పల్లం పూడ్చకుండా యాక్రిలిక్ (కోర్టులకు వేసే రంగు పూత) వేస్తే పొర లేచేది అక్కడి నుంచే. వాలు 10 అడుగులకు ఒక అంగుళం చొప్పున, ఒకే దిక్కుకు ఉండాలి.

యాక్రిలిక్ వేయిద్దామనుకుంటే తేమ కూడా చూడండి. అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పున్న పాలిథిన్ షీటు నాలుగంచులా టేపుతో అంటించి 16 గంటలు వదలండి. అడుగున చెమ్మ కనబడితే వాయిదా వేయండి. కొత్త కాంక్రీటైతే 28 రోజులు ఆగాల్సిందే. రంగులో ఇసుక కలిపి రెండు పూతలు వేస్తేనే పట్టు ఉంటుంది. ఎపాక్సీ, టైల్స్ మాటెత్తితే వద్దనండి. తడి తగిలితే జారతాయి.

మియాపూర్‌వాసి:

చాలా థ్యాంక్స్ అండి ఇద్దరికీ. రెండో అంతస్తు వాళ్లు అప్పుడే చప్పుడు గురించి అడుగుతున్నారు. కోర్టు చుట్టూ సౌండ్ షీట్లు కడితే తగ్గుతుందా? అలాగే బ్యాట్లు, బంతులు ఏవి తీసుకోవాలి?

కిచెన్_లైన్:

షీట్లు కట్టినా రెండో అంతస్తుకు తేడా రాదండి. చప్పుడుకూ చెవికీ నడుమ అడ్డు ఉంటేనే అవి పనిచేస్తాయి. బాల్కనీ నుంచి కోర్టు కనిపిస్తోందంటే చప్పుడు కూడా తిన్నగా వస్తోందన్నమాటే. పైగా రెండు బ్లాకుల మధ్య గోడలకు కొట్టుకుని పెరుగుతుంది. పనికొచ్చేవి రెండు. మొదటిది వేళలు: ఉదయం 7కు ముందు, రాత్రి 9 తర్వాత ఆట లేదని రాసి పెట్టడం. రెండోది పాడిల్, అంటే ఈ ఆట బ్యాట్: 16 మిల్లీమీటర్ల మందం, లోపల పాలీప్రొపిలీన్ తేనెపట్టు కోర్ ఉన్నవే కోర్టులోకి రానివ్వండి. చెక్క పాడిల్ చవకే గానీ టపటప చప్పుడంతా దాంతోనే. బరువు 220–230 గ్రాములుంటే పెద్దవాళ్ల మోచేతికి సుఖం.

బంతి 40 రంధ్రాలది తీసుకోండి. 26 రంధ్రాలది ఇండోర్‌ది, గాలికి కొట్టుకుపోతుంది. ఏ బంతైనా ఎండలో వదిలేస్తే మెత్తబడి గుడ్డులా సాగుతుంది. చేతిలో తిప్పి చూస్తే వంకర తెలిసిపోతుంది. అతుకు వెంబడి బొటనవేళ్లతో నొక్కితే పగులు బయటపడుతుంది.

షటిల్ అలవాటున్నవాళ్లకు రెండు తప్పులు పదేపదే జరుగుతాయి. సర్వ్ చేయగానే ముందుకు ఉరకడం ఒకటి. రిటర్న్ నేలకు తగలాలి కదా, అది కాళ్ల దగ్గర పడి ఇరుక్కుపోతారు. సర్వ్ చేసిన జట్టు మూడో షాట్ దాకా బేస్‌లైన్ దగ్గరే ఉండాలి. రెండోది, కిచెన్ గీత దగ్గర గాల్లోనే స్మాష్ కొట్టి ఆ ఊపులో లోపల అడుగు పెట్టడం. ఆ పాయింటు ఆట అయిపోయి బంతి డెడ్ అయ్యాక కాలు పడినా ఫాల్టే, అంటే తప్పు కిందే లెక్క. బంతి లోపల నేలకు తగిలాక మాత్రం వెళ్లి కొట్టొచ్చు.

పెద్దవాళ్లకు ఒకటి గట్టిగా చెప్పండి: నెత్తి మీదుగా లాబ్ (ఎత్తుగా లేపి కొట్టిన బంతి) వస్తే వెనక్కి వెనక్కి అడుగులేయొద్దు. అలా పడి మణికట్టు విరుగుతుంది. ఒళ్లు తిప్పి పరుగెత్తాలి, అందకపోతే వదిలేయాలి. వాకింగ్, రన్నింగ్ షూలు కూడా వద్దు, పక్కకు కదిలినప్పుడు చీలమండ మెలిక పడుతుంది. కోర్టు షూ ఉండాలి. మోకాళ్లు సహకరించనివాళ్లు రెండు కిచెన్‌ల మధ్యే, 14 × 20 అడుగుల్లో, మెల్లగా డింక్‌లు (నెట్ మీదుగా ఎదుటి కిచెన్‌లో పడేలా మెత్తగా కొట్టే షాట్లు) ఆడుకోవచ్చు.

పన్నెండు మంది వస్తే ఒక్క కోర్టుకు 11 పాయింట్ల గేమ్ బరువే. పాడిళ్లు గోడకు వరసగా పెట్టి నలుగురు దిగితే నలుగురు ఎక్కేలా చూడండి. జనం ఎక్కువైన సాయంత్రం 7 పాయింట్లకు కుదించేయండి.