కొద్ది కంప్యూటర్లతో ఇంటర్ కామర్స్ పిల్లలకు అకౌంటెన్సీ నేర్పడం ఎలా?

అమలాపురం సమీపంలోని ఒక జూనియర్ కళాశాలలో సీఈసీ విద్యార్థులకు అకౌంటెన్సీ బోధిస్తున్నాను. చిట్టా (రోజువారీ పద్దుల పుస్తకం), ఆవర్జా (ఖాతాల పుస్తకం), అంకణా (ఖాతాల నిల్వల పట్టిక) మా పిల్లలు కాగితం మీద చక్కగా రాస్తారు. కానీ 2017 జులైలో జీఎస్టీ అమల్లోకి వచ్చిన తరువాత, అంబాజీపేటలో కొబ్బరి వర్తకుల దగ్గర గుమస్తాగా చేరాలన్నా ముందుగా అడిగేది కంప్యూటర్‌లో లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ అయిన ట్యాలీ వచ్చా అనే.

మా దగ్గర పనిచేసే కంప్యూటర్లు కొద్దిగానే ఉన్నాయి. ఒక్కోదాని ముందు నలుగురైదుగురు చేరితే మౌస్ చేతిలో ఉన్నవారికే పని వస్తోంది. ఆడపిల్లలు తరచూ వెనక నిలబడి చూస్తూ ఉండిపోవడం నన్ను ఎంతో బాధిస్తోంది.

మరో చిక్కు కూడా ఉంది. లైసెన్సు లేకుండా ఎడ్యుకేషన్ మోడ్‌లో ట్యాలీ తెరిస్తే నెలలో 1, 2, 31 తేదీలకే పద్దులు వేయనిస్తుంది కనుక, 12న చెక్కు ఇచ్చి 18న అది చెల్లింపయినట్లు చూపే బ్యాంకు నిల్వల సమన్వయ పట్టిక (మన పుస్తకాల్లోని నిల్వకూ బ్యాంకు చూపే నిల్వకూ తేడా ఎందుకొచ్చిందో చూపే పట్టిక) లెక్కను ఉన్నదున్నట్లుగా చేయించలేకపోతున్నాను. తేదీలు మార్చి చేయిస్తే పిల్లలకు ఆ జాప్యమే సరిగా అర్థం కావడం లేదు.

ఉచితంగా దొరికే గ్నూక్యాష్ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌తో గాని, లిబ్రే ఆఫీస్ కాల్క్ అనే స్ప్రెడ్‌షీట్‌తో గాని ఈ పాఠాలు చెప్పిన అధ్యాపకులు ఎవరైనా ఉన్నారా? వాటిలో నేర్చుకున్న పిల్లలు తరువాత ట్యాలీకి సులువుగా అలవాటు పడ్డారా? ఒకే కంప్యూటర్ దగ్గర అందరి చేతా పని చేయించడానికి మీరు పాటించిన పద్ధతి ఏదైనా ఉంటే, దయచేసి వివరంగా రాయగలరు.