మే నెలలో విజయవాడ ప్రయాణం: స్విఫ్ట్‌కి ఏ టైర్లు వేయించాలి?

తాంబరం_వాసు:
పాత స్విఫ్ట్, టైరు సైజు 165/80 ఆర్14 (వెడల్పు 165 మిల్లీమీటర్లు, గోడ ఎత్తు అందులో 80 శాతం, రిమ్ 14 అంగుళాలు). ముందు టైర్లు రెండూ ఇక మార్చాలని చెప్పే 1.6 మిల్లీమీటర్ల గుర్తు దాకా అరిగిపోయాయి. కత్తిరి ఎండల్లో అమ్మానాన్నలతో చెన్నై నుంచి విజయవాడ వెళ్లాలి. మిషెలిన్ ఎనర్జీ ఎక్స్‌ఎం2 ప్లస్, అపోలో అమేజర్ 4జీ లైఫ్, సియట్ మైలేజ్ ఎక్స్3, ఈ మూడింట్లో ఏది వేడికి బాగా తట్టుకుంటుంది? 175 వెడల్పుకి మారితే మంచిదా? నైట్రోజన్ కొట్టించాలా? ఆ హైవే మీద చిన్న కార్లు నడిపేవాళ్లు చెప్పండి.

ఓఎమ్మార్_కిరణ్:
కంపెనీ సంగతి తర్వాత, ముందు తయారీ తేదీ చూసుకో అన్నా. ఒక షాపులో "కొత్త స్టాక్ సార్" అని నాకు అంటగట్టినవి అప్పటికే మూడేళ్ల నాటివి. సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) మీద డీఓటీ అని ఉన్నచోట చివర నాలుగంకెలుంటాయి. 1524 అంటే 2024లో 15వ వారం. చాలా టైర్లకి ఆ అంకెలు ఒకవైపే ఉంటాయి. వాళ్లు ఆ వైపు లోపలికి తిప్పి బిగించారు. షాపు బయట ఎండలో పేర్చిన రబ్బరు ఎన్నాళ్లు ఆగుతుంది? ఏడాది తిరక్కుండా గోరు దిగేంత పగుళ్లు వచ్చాయి. అడిగితే మాకు సంబంధం లేదన్నారు. బిగించకముందే ఫోటో తీసుకో.

అంబత్తూర్_పద్మ:
నాది వ్యాగనార్. నెల్లూరు తరచూ వెళ్తుంటాను. సియట్ మైలేజ్ వేయించాను, అరుగుదల చాలా తక్కువ. చప్పుడు మాత్రం కాస్త ఎక్కువే. ఎండ గురించి నాకు టెన్షన్ లేదు, ఎందుకంటే ఎప్పుడూ నైట్రోజనే. మిట్టమధ్యాహ్నం గూడూరు దాటాక కూడా టైర్లు చల్లగానే ఉంటాయి. పెద్దవాళ్లతో వెళ్తున్నారు వాసుగారూ, నాలుగు డబ్బులకు వెనకాడకండి.

మాధవరం_మూర్తి:
చల్లగా ఉంటాయన్నది నిజం కాదు మేడమ్. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. ఇక్కడ చాలామంది లైసెన్సు తీసుకోకముందు నుంచి నేను టైర్లు విప్పుతున్నాను. పేలి వచ్చిన టైరు లోపల చెయ్యి పెట్టి చూడండి. సైడ్‌వాల్ లోపలి వైపు చుట్టూ గుండ్రంగా నల్లటి రబ్బరు పొడి రాలి ఉంటుంది, వేలికి అంటుకుంటుంది. గాలి తక్కువగా ఉండగా నడిపిన బండి అది. చక్రం తిరిగిన ప్రతిసారీ గోడ మడతపడి లేస్తుంది, ఆ మడత దగ్గరే వేడి పుడుతుంది. కింద రోడ్డు వేడి, పైన సామాను బరువు తోడవుతాయి. వేసవిలో నా దగ్గరికి పేలి వచ్చేవాటిలో గాలి ఎక్కువై పేలినవి అరుదు.

అంబత్తూర్_పద్మ:
నా కారు టైరు నేను చేత్తో ముట్టుకుని చెప్తుంటే మీరు కాదంటారేమిటి? నైట్రోజన్ కొట్టించినప్పటి నుంచి గాలి తగ్గడమే లేదు. మీరు చూసేవి లారీలు. చిన్న కారు సంగతి నడిపేవాళ్లకు తెలుస్తుంది.

వేళచ్చేరి_మాస్టారు:
గొడవ వద్దండీ, లెక్క చూద్దాం. 30 డిగ్రీల దగ్గర గాలి ఒత్తిడి 32 పీఎస్ఐ పెట్టిన టైరు 60 డిగ్రీలకు వేడెక్కితే 36 దాటుతుంది. మామూలు గాలైనా, నైట్రోజనైనా దాదాపు అంతే. తేడా తేమలో ఉంది. కంప్రెసర్ గాలిలో నీటి ఆవిరి ఉంటుంది, నైట్రోజన్ పొడిగా వస్తుంది. నైట్రోజన్ నెమ్మదిగా బయటికి పోతుంది కాబట్టి, గాలి తగ్గడం లేదని పద్మగారు అన్నదాంట్లో కొంత నిజముంది. టైరు చల్లగా ఉంటుందన్నది మాత్రం ఒప్పుకోలేను.

మాధవరం_మూర్తి:
అదే కదా నేను చెప్పింది! పెట్రోల్ బంకులో గాలి ఉచితంగా పడతారు. వారానికోసారి పొద్దున్నే గేజితో చూసుకునేవాడికి నైట్రోజన్ ఎందుకు?

పెరంబూర్_రావు:
ఎమ్మారెఫ్ పేరు ఎవరూ ఎత్తరేం? 1946లో మన తిరువొత్తియూరులో పిల్లల బెలూన్లతో మొదలైన కంపెనీ! మా ఇంట్లో రెండు తరాలుగా అదే. మన రోడ్ల గుంతలకు ఆ గట్టి సైడ్‌వాల్ కావాలి. మిషెలిన్ మెత్తన, అంచు రాయికి తగిలితే ఉబ్బుతుంది.

గిండీ_సుధ:
రావుగారూ, అది గుంతలో వేగంగా దింపేవాళ్ల తప్పు. నా ఐ10కి మిషెలినే. నవంబరు వానలో బ్రేకు కొడితే తెలుస్తుంది దాని విలువ. మనూళ్లో ఎండకన్నా నీళ్లు నిలిచిన రోడ్డే ప్రమాదం. మా తమ్ముడు మ్యూనిక్‌లో ఉంటాడు. అక్కడ ఏడీఏసీ అనే జర్మనీ వాహనదారుల సంఘం వాళ్లు ఏటా వేసవి టైర్లను పరీక్షిస్తారు, తడి రోడ్డు మీద బ్రేకుకి పెద్ద పీట వేస్తారు. ఆ ఫలితాలు చూసే ఎంచుకున్నాను.

ఓఎమ్మార్_కిరణ్:
అక్కడ వేసవి టైరంటే 7 డిగ్రీలు దాటాక వాడేది అక్కా. మనకు ఏడాదంతా అదే కదా. పైగా వాళ్లు పరీక్షించే మోడళ్లన్నీ ఇక్కడ దొరకవు. వేడికైతే సైడ్‌వాల్ మీద టెంపరేచర్ అని ఏ, బీ, సీ గ్రేడు ఉంటుంది. ఏ అయితే మంచిది.

వేళచ్చేరి_మాస్టారు:
ఇంకో ముఖ్యమైన సంగతి. సూళ్లూరుపేట దగ్గర బంకులో ఒక కుర్రాడు వేడి టైరుకి గేజి పెట్టి "ఎక్కువుంది సార్" అని గాలి తీసేయబోయాడు. తీయనివ్వలేదు. వేడి మీద పెరిగింది చల్లారాక తగ్గుతుంది. అప్పుడు తీస్తే మిగిలిన దారంతా తక్కువ గాలితో పోతారు. డ్రైవర్ డోరు పక్కన స్టిక్కర్ మీద ఫుల్ లోడ్‌కి వేరే అంకె ఉంటే, ఐదుగురు కూర్చున్నప్పుడు అదే పెట్టించండి.

తాంబరం_వాసు:
అందరికీ థ్యాంక్స్. రేపు టైర్ల షాపులుండే జీపీ రోడ్డుకి వెళ్తున్నా. అమేజర్, మిషెలిన్ రెండింట్లో తేదీ కొత్తగా ఉన్నది తీసుకుంటా. 175 గురించి ఎవరూ చెప్పలేదు.

మాధవరం_మూర్తి:
వద్దు తమ్ముడూ. 175/70 వేస్తే టైరు ఎత్తు 19 మిల్లీమీటర్లు తగ్గుతుంది, కారు దాదాపు సెంటీమీటరు కిందికి దిగుతుంది. ఫుల్ లోడ్‌తో స్పీడ్ బ్రేకర్‌కి అడుగు తగులుతుంది, స్పీడోమీటర్ కూడా ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. 165లోనే ఉండు. అలైన్‌మెంట్ అయ్యాక స్టెప్నీ కిందికి దించి దాని తేదీ కూడా చూడు, చాలామంది అది మర్చిపోతారు.

పెరంబూర్_రావు:
మూర్తిగారూ, మా అబ్బాయి టియాగోకి ముందు రెండూ అరిగాయి, వెనకవి బాగానే ఉన్నాయి. రెండే కొంటే కొత్తవి ముందు వేయాలా, వెనకా?