సూపర్‌హీరో కథలో మనసు చూపించబోతే చదివేవాళ్లు పేజీలు తిప్పేస్తున్నారు, ఎక్కడ తప్పుతోంది?

ఉద్దానం_కొబ్బరి:
శ్రీకాకుళం జిల్లా కవిటి దగ్గర జరిగే సూపర్‌హీరో నవల, 12 అధ్యాయాలు. హీరో అప్పలసూరి, కొబ్బరి దింపు కూలీ. ఎవరిని ముట్టుకుంటే వాళ్ల ఒంట్లో బాధ అతనికి వచ్చేస్తుంది. విలన్ లింగరాజు, 20 లీటర్ల నీళ్ల క్యాన్లు అమ్మే ప్లాంటు యజమాని, భార్య కిడ్నీ జబ్బుతో పోయింది. బోర్లలో మందు కలిపి ఊరికి ఆ జబ్బు తెప్పించింది అతనేనని 8వ అధ్యాయంలో బయటపడుతుంది. ఇద్దరికీ చెరో మూడు పేజీల స్వగతం పెట్టాను. అక్కడే చదవడం ఆపేస్తున్నారు. విలన్ మీద జాలి కూడా కలగట్లేదంటున్నారు. ఏం మార్చాలి?

నాగావళి_గట్టు:
ముందు శక్తికి లెక్క కట్టండి. డయాలసిస్ అంటే వారానికి మూడుసార్లు, సుమారు నాలుగేసి గంటలు. అది చేయించుకున్న మనిషి నీరసం సూరికి ఎక్కితే ఎంతసేపుంటుంది? మర్నాటిదాకా ఉంటే చెట్టెక్కలేడు, ఆ రోజు కూలి పోయినట్టే. ఇక ముట్టుకోవాలా వద్దా అన్న ప్రతిసారీ అతని మనసు దానంతటదే బయటపడుతుంది, స్వగతం అక్కర్లేదు. మూడు సన్నివేశాలు చాలు: తెలియక ముట్టుకోవడం, తెలిసి ముట్టుకోవడం, సొంత తల్లి చెయ్యి చాపితే తన చేతులు వెనక్కి పెట్టుకోవడం. మూడోది ముందు రాసుకోండి, మిగతా రెండూ దానికోసమే ఉండాలి. కూలి లెక్క 3వ అధ్యాయంలోపు పాఠకుడికి తెలిసిపోవాలి. లేకపోతే తల్లి దగ్గర అతను చేసింది వట్టి పొగరులా కనబడుతుంది.

కోట_వెనక_వీధి:
బోర్లలో మందు కలపడం తీసెయ్యండి, దయచేసి. ఉద్దానంలో, అంటే మీ కవిటి చుట్టుపక్కల, కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. దాన్ని ఒక్కడి నెత్తిన రుద్దితే అక్కడి రోగుల విషయంలో అబద్ధం చెప్పినట్టవుతుంది, లింగరాజు కూడా రాక్షసుడైపోతాడు. రాక్షసుడికి ఎంత గతం పెట్టినా జాలి పుట్టదు. గతం అతను అలా ఎందుకయ్యాడో చెబుతుందంతే, ఇవాళ అతనికేం కావాలో చెప్పదు.

సూరి శక్తి లింగరాజుకీ తగలాలి. భార్య పోయిన బాధ తీసేస్తానని సూరి చెయ్యి చాపితే అతను ఒప్పుకోకూడదు. ఆ బాధ కూడా పోతే ఆవిడది ఇంకేం మిగులుతుంది? ఆ మాట అతని నోట పలికించకండి, చెయ్యి విదిలించుకుంటే చాలు. హీరో జవాబు చెప్పలేని మాట కూడా ఒకటి అతనికివ్వండి: “హిరమండలం రిజర్వాయరు నుంచి మంచినీళ్ల పైపు వచ్చేదాకా ఈ ఊరికి నీళ్లు పోసిందెవరు?”

ఉద్దానం_కొబ్బరి:
మరి 8వ అధ్యాయంలో ఏం బయటపడాలండీ? అతను తప్పే చెయ్యకపోతే విలన్ ఎలా అవుతాడు?

కోట_వెనక_వీధి:
తప్పు చెయ్యాలి, కానీ అతని చేతికి అందేంత తప్పు. నీళ్లు శుద్ధిచేసే ఆర్వో ప్లాంటులో మెంబ్రేన్ (ఉప్పుని వడకట్టే పొర) పాడైతే ఉప్పు ఆగదు, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) కొలిచే మీటరులో అంకె పెరుగుతూ పోతుంది. తాగే నీటికి లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. మెంబ్రేన్ మార్చడానికి డబ్బులు చూసుకుని, మీటరు జేబులో వేసుకుని అతను క్యాన్లు నింపించాడు. మొదటి వారం చూశాడు, రెండో వారం నుంచి చూడటమే మానేశాడు. ఆ మానెయ్యడాన్ని అరపేజీలో, నిదానంగా రాయండి. ఆ క్యాన్లలో ఒకటి సూరి ఇంటికే వెళ్లాలి.

తేలినీలాపురం:
పై ఇద్దరితోనూ ఏకీభవిస్తాను, కానీ మనసులో మాట బొత్తిగా వద్దనను. భాషే అడ్డొస్తోందని నా అనుమానం. “నాలో భయం నిండిపోయింది” అని కవిటి కూలీ అనుకోడు. “ముట్టుకుంటే ఏటవుద్ది? రేపు సెట్టెక్కనేను. ఎక్కకపోతే కూలి ఎవుడిత్తాడు?” ఇలా రెండు మూడు వాక్యాలు, వెంటనే చేతికో పని: మోకు బిగించడమో, కత్తి నూరడమో. మళ్లీ కథనం మామూలు తెలుగులోకి వచ్చెయ్యాలి. ప్రతి మాటకీ యాస పెడితే మన జిల్లావాళ్లే తడబడతారు. నేదు, ఏటి, ఎవుడు లాంటివి నాలుగైదు చాలు.

యాస లింగరాజుకీ అంతే ఉండాలి. ఒకడికి యాస, ఇంకొకడికి పుస్తక భాష పెడితే నోరు విప్పకముందే ఎవడు మంచో తేలిపోతుంది. మన యాసని నవ్వించడానికి వాడటం చూసి చూసి ఉన్నాం, ఈ కథలో అది భార్యని తలుచుకునే భాష కావాలి.

అలవాటు కావాలంటే శ్రీకాకుళం కథానిలయంలో (తెలుగు కథల గ్రంథాలయం) పాత ఉత్తరాంధ్ర కథలు పది తీసుకుని, వాటిలో ఆలోచన యాసలోకి ఎక్కడ మారుతోందో పెన్సిల్‌తో నోటుబుక్కులో రాసుకోండి. సినిమాలు చూస్తే ఇది పట్టుబడదు.