చర్చ: నలతగా ఉన్న కూన అని తెలిసీ ఇంటికి తెచ్చుకోవచ్చా?

గోధుమతోక

తెలిసినవాళ్ల ఇంట్లో పిల్లి నాలుగు పిల్లల్ని పెట్టింది. నిన్నటికి వాటికి ఏడు వారాలు. ఆదివారం వెళ్లి ఒకదాన్ని తెచ్చుకోవాలి. మూడు బొద్దుగా ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి పడి ఆడుతున్నాయి. నాలుగోది వాటిలో సగం ఉంటుందేమో. ఎడమ కంట్లో పుసి కట్టి రెప్ప సగం మూసుకుపోయింది. నేను కింద కూర్చోగానే మెల్లగా నడుచుకుంటూ వచ్చి నా మోకాలికి ఆనుకుని పడుకుంది. మిగతావి నా వైపు చూడను కూడా చూడలేదు. అప్పటినుంచి నా మనసంతా దాని మీదే. మావారేమో "జబ్బని తెలిసి తెచ్చుకోవడం ఏంటి, ఆడుకునే వాటిలో ఒకదాన్ని తెద్దాం" అంటున్నారు. ఇంట్లో ఇప్పటికే ఆరేళ్ల పిల్లి ఉంది. మీరైతే ఏం చేస్తారు?

రెండు పిల్లుల ఇల్లు

మీవారి మాటే నాది. జాలి మీది, ముప్పు మాత్రం మీ పెద్ద పిల్లిది.

మా ఇంటికి ఇలాగే ఒక నీరసపు కూన వచ్చింది. మొదటి రోజు నీళ్ల గిన్నె ముందు కూర్చుని, మూతి గిన్నె మీదకు వంచి, తాగకుండా అలాగే ఉండిపోయింది. కొత్త చోటు కదా, బెరుకు అనుకున్నాం. మూడో రోజుకి వాంతులు, విరేచనాలు. అయిదో రోజు పోయింది. పాన్‌ల్యూకోపీనియా అన్నారు డాక్టర్, అంటే పిల్లులకు వచ్చే ప్రాణాంతకమైన వైరస్ జబ్బు. ఆ వైరస్ ఇంట్లో ఏడాది దాకా బతికే రకం, చాలా క్రిమిసంహారకాలకు లొంగదు. బ్లీచ్‌తో ఇల్లంతా కడిగాం. పెద్దదానికి టీకాలు వేయించి ఉన్నాం కాబట్టి గట్టెక్కింది. ఆ గిన్నె ముందు కూర్చున్న తీరు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. ఆరోగ్యంగా ఉన్నదాన్నే తెచ్చుకోండి.

కిటికీ దగ్గర ఎండ

మీకు జరిగినదానికి చాలా బాధగా ఉందండీ. కానీ కంట్లో పుసి ఉన్న ప్రతి కూనా అలా పోదు. ఈ వయసులో కళ్లు కారడం, తుమ్ములు ఎక్కువగా హెర్పిస్ వైరస్ వల్లో కాలిసి వైరస్ వల్లో వస్తాయి. వేళకు మందు పడితే చాలావరకు తేరుకుంటాయి. నా పిల్లి రెండు కళ్లూ అంటుకుపోయి దొరికింది. గోరువెచ్చని నీళ్లలో దూది ముంచి రోజుకు నాలుగుసార్లు తుడిచి, డాక్టర్ ఇచ్చిన చుక్కలు వేశాను. ఇప్పుడు దానికి తొమ్మిదేళ్లు. అందరూ గట్టి పిల్లల్నే ఎత్తుకుపోతే ఆ నాలుగోదాన్ని ఎవరు తీసుకెళ్తారు? అది వచ్చి మీ ఒళ్లోనే చేరింది కదా!

రెండు పిల్లుల ఇల్లు

హెర్పిస్ ఒకసారి ఒంట్లో చేరితే జన్మంతా ఉంటుంది. ఒత్తిడి కలిగినప్పుడల్లా తిరగబెడుతుంది. అది కూడా చెప్పాలి కదా. తొమ్మిదేళ్లూ చూసుకునే ఓపిక మీకుంది, అందరికీ ఉంటుందా?

పాలసీసా

తల్లి లేని కూనల్ని సాకి, ఇళ్లు చూసి పంపడం నాకు చాలాకాలంగా అలవాటు. మీరందరూ ఆ ఒక్క కంటి దగ్గరే ఆగిపోయారు. నాకు కంటికన్నా టెన్షన్ పెట్టింది "వాటిలో సగం" అన్న మాట.

గోధుమతోక గారూ, ఆదివారం దాకా ఆగకండి. వంటింటి తూకం ఒకటి పట్టుకుని వెళ్లండి. పుట్టినప్పుడు కూన సుమారు 100 గ్రాములు ఉంటుంది. ఆ తర్వాత వారానికి ఇంచుమించు మరో 100 పెరుగుతుంది. కాబట్టి ఏడు వారాలకి 700 నుంచి 800 గ్రాముల దాకా ఉండాలి. ఒక్కసారి తూచి వదిలేస్తే ఏమీ తెలియదు, రెండు మూడు రోజులు తేడాతో మళ్లీ తూచండి. చిన్నగా ఉన్నా రోజూ పెరుగుతుంటే నాకు భయం లేదు. ఆగిపోయిందంటేనే భయం.

తర్వాత పై పెదవి ఎత్తి చిగురు చూడండి. లేత గులాబీ రంగులో ఉండాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడి, రెండు సెకన్ల లోపు మళ్లీ రంగు రావాలి. చిగురు పాలిపోయి ఉంటే బొచ్చు వెనక్కి దువ్వి ఫ్లీస్ పురుగుల కోసం వెతకండి. అంత చిన్న ఒంట్లో ఉండేదే కాస్త రక్తం, అవి దాన్ని ప్రాణం మీదకి తెచ్చేంతగా తాగేస్తాయి. బొచ్చు మొదట్లో నల్లని నలుసులు కనిపిస్తే తడి కాగితం మీద రాల్చండి. ఎర్రగా కరిగితే మట్టి కాదు, పురుగులు విసర్జించిన రక్తం. డొక్కలు తేలి పొట్ట మాత్రం ఉబ్బి ఉంటే ఏలికపాములు అనుకోవచ్చు, అవి తల్లి పాలలోంచే వస్తాయి. చెవిలో కాఫీ పొడిలాంటి మడ్డి ఉంటే చెవి పురుగులు. తోక కింద తడిగా, అంటుకుపోయి ఉంటే విరేచనాలు అవుతున్నట్టు. కంటి లోపలి మూల నుంచి తెల్లటి మూడో రెప్ప బయటికి వచ్చి ఉంటే ఒంట్లో ఏదో బాగాలేదని గుర్తు.

ఇవన్నీ ఆ బొద్దు పిల్లలకీ చూడండి. రెండు పిల్లుల ఇల్లు గారు చెప్పిన భయం నిజమే, కానీ దానివల్ల మీవారి లెక్క కూడా తప్పుతుంది. నాలుగూ ఒకే తల్లి పాలు తాగాయి, ఒకే మలవిసర్జన ట్రేలో తిరిగాయి. ఒకదానికి అంటురోగం ఉంటే మిగతావి ఇంకా బయటపడకపోయి ఉండొచ్చు, అంతే. గంతులేస్తోంది కదా అని పెద్ద పిల్లి పక్కన వదిలేస్తే ముప్పు తప్పదు. ఏ కూనని తెచ్చినా కనీసం రెండు వారాలు వేరే గదిలో, వేరే గిన్నె, వేరే ట్రే పెట్టాల్సిందే.

ఇంకోటి, చెప్పడానికి మనసు రావడం లేదు. అది మీ మోకాలిని ఆనుకున్నది వెచ్చదనం కోసం కూడా కావచ్చు. తోడపుట్టినవి ఆడుకుంటుంటే ఒక్కటే వెళ్లి పడుకుంటోందంటే దాని ఒంట్లో బలం లేదు.

పన్నెండు వారాలు

అసలు ఏడు వారాలకి ఏ కూననైనా ఎందుకు తీసుకెళ్తున్నారు? 2017లో హెల్సింకి విశ్వవిద్యాలయం వాళ్లు దాదాపు 6,000 పిల్లుల మీద చేసిన పరిశోధనలో, ఎనిమిది వారాల లోపే తల్లి నుంచి విడదీసినవాటిలో దూకుడు ఎక్కువ కనిపించింది. పద్నాలుగు వారాల దాకా ఉంచడం మంచిదని వాళ్ల సలహా. కొరికితే నొప్పి పుడుతుందని కూనకి నేర్పేది తల్లీ, తోడపుట్టినవే.

కిటికీ దగ్గర ఎండ

కానీ మనుషులకి అలవాటు పడే వయసు రెండు నుంచి ఏడు వారాలు అంటారు కదా? ఆలస్యమైతే బెరుకుగా తయారవదా?

పన్నెండు వారాలు

ఆ అలవాటు అక్కడే చేయొచ్చు. రోజూ వెళ్లి చేతుల్లోకి తీసుకోండి, తల్లి పక్కనే ఉంటుంది. టీకాల సంగతి కూడా చూడాలి. ఆరు నుంచి ఎనిమిది వారాలకి మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, కనీసం పదహారు వారాల దాకా వేస్తారు. తల్లి నుంచి వచ్చిన రక్షణ ఉన్నంతకాలం టీకా సరిగ్గా పట్టదు, అందుకే అన్నిసార్లు. ఒక్క టీకా పడింది కదా అని ధీమాగా ఉండకూడదు.

గోధుమతోక

అందరికీ చాలా థ్యాంక్స్. బుధవారం తూచాం, చిన్నది 410. శనివారం 415. మిగతావి 700 దాటాయి. ఆ అయిదు గ్రాములు చూసి నాకు ఏడుపొచ్చింది. మావారే దాన్ని తువ్వాలులో చుట్టి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లారు. పొట్టలో ఏలికపాములు, కంట్లో ఇన్‌ఫెక్షన్ ఉన్నాయన్నారు. చిగుళ్లు కాస్త పాలిపోయినా మరీ తెల్లగా లేవట. ఫెలైన్ ల్యుకేమియా (పిల్లుల్లో రక్తక్యాన్సర్ తెచ్చే వైరస్) పరీక్షలో ఏమీ రాలేదు. ఎఫ్‌ఐవీ (పిల్లుల రోగనిరోధక శక్తిని దెబ్బతీసే వైరస్) పరీక్ష ఇప్పుడే వద్దన్నారు, ఆరు నెలల లోపు తల్లి యాంటీబాడీల వల్ల తప్పుగా పాజిటివ్ రావచ్చట. మందుల ఖర్చు మేం పెట్టుకుంటాం, కూన మాత్రం తల్లి దగ్గరే ఉంటుంది. నాలుగింటికీ ఏలికపాముల మందు వేయించాం. ఆ ఇంటివాళ్లు ఒప్పుకున్నారు.

రెండు పిల్లుల ఇల్లు

నా అభిప్రాయం మారలేదండీ, తెచ్చుకునేటప్పుడు ఆరోగ్యంగా ఉన్నదాన్నే తెచ్చుకోవాలి. కానీ మీరు చేసిన పని నాకు నచ్చింది. మేం ఆనాడు ఒక్క రోజు ముందు తూచి ఉన్నా బాగుండేది. మీ పెద్దదాని టీకాలు ఒకసారి సరిచూసుకోండి, బూస్టర్ బాకీ ఉంటే ఇప్పుడే వేయించండి.

గోధుమతోక

వేయించాను. చిన్నది వచ్చేలోపు వెనక గది కూడా సిద్ధం చేస్తున్నాం. ఇవాళ్టికి మందు మొదలుపెట్టి పది రోజులు. రెండు కళ్లూ పూర్తిగా తెరుచుకున్నాయి. పొద్దున నేను వెళ్లేసరికి అన్న తోక పట్టుకుని కొరుకుతోంది, నా దగ్గరికి రానే లేదు. తూకం 520.