‘ఉ’ని విప్పబోతే ‘ఉంది’ పాడైపోతోంది

మా నాన్నగారు దస్తావేజు లేఖరి. ముసాయిదా ఫోన్‌లో కొట్టి టెక్స్ట్ ఫైల్‌గా నాకు పంపిస్తారు. చేతిరాత అలవాటు పోలేదు, అన్నీ పొడి అక్షరాలే. తూ, ద, ప, ఉ అంటే నాలుగు వైపుల హద్దులు, చగ అంటే చదరపు గజాలు, సనెం అంటే సర్వే నెంబరు. వాటిని విప్పడానికి పైథాన్‌లో చిన్న స్క్రిప్టు రాసుకున్నాను. జాబితా వేరే ఫైల్లో ఉంటుంది: పొడి మాట, ట్యాబ్, పూర్తి మాట.

మొదట మామూలు రీప్లేస్ వాడితే ‘ప’ కనిపించిన ప్రతిచోటా పడమర దూరింది. రెజెక్స్‌లో (నమూనా ఇచ్చి మాటలు వెతికే పద్ధతి) మాటకి అటూ ఇటూ హద్దు గుర్తుగా బ్యాక్‌స్లాష్ బి పెట్టాను. ఇప్పుడు ‘రోడ్డు ఉంది’ కాస్తా ‘రోడ్డు ఉత్తరంంది’ అవుతోంది, ‘ఉన్నది’ మాత్రం క్షేమం. ‘తూ’ విడిగా ఉంటే ముట్టుకోదు, ‘తూర్పు’ అని పూర్తిగా రాసినచోట ‘తూర్పుర్పు’ చేస్తుంది. ప్రింటు చూసి నాన్నగారు “ఇదెక్కడి తూర్పురా” అన్నారు. ఎక్కడ తప్పుతున్నాను?

జవాబు 1
తప్పు మీది కాదండీ. పైథాన్‌తో వచ్చే రీ అనే రెజెక్స్ మాడ్యూల్‌కి ‘త’ అక్షరమే గానీ, దాని కొమ్ము, దీర్ఘం, పొల్లు, సున్నా ఇవేవీ అక్షరాలు కావు. అక్షరం పక్కన అక్షరం కానిది వస్తే అదే మాట చివర అనుకుంటుంది. ‘ఉంది’లో ‘ఉ’ పక్కన సున్నా ఉంది కదా, అక్కడ తెగింది. ‘ఉన్నది’లో ‘ఉ’ పక్కన ‘న’ కాబట్టి బతికిపోయింది. విడి ‘తూ’లో చివరున్నది గుణింతపు గుర్తు, దాని తర్వాత ఖాళీ. రెండూ అక్షరాలు కావు కాబట్టి అక్కడ హద్దే కనపడదు.

బ్యాక్‌స్లాష్ బి తీసేయండి. ముందూ వెనకా యూనికోడ్‌లోని తెలుగు బ్లాకులోది, అంటే 0సి00 నుంచి 0సి7ఎఫ్ దాకా, ఏదీ ఉండకూడదని లుక్‌బిహైండ్, లుక్‌అహెడ్ రాయండి. లేదంటే పైథాన్ మాడ్యూళ్లు దించే పిప్‌తో రెజెక్స్ అనే మాడ్యూల్ దించుకోండి, దానికి గుణింతాలు తెలుసు.

జవాబు 2
అయినా ఒంటి అక్షరాలతో ప్రమాదమే. ‘ప.గోదావరి జిల్లా’ అని రాస్తే ‘పడమర.గోదావరి’ అయి కూర్చుంటుంది. దిక్కుల్ని వరస మొదట్లో ఉండి, వెంటనే కోలన్ ఉంటేనే విప్పమనండి. అసలు ఫైలు మీద రాయకుండా కొత్త ఫైల్లోకి తీసి, రెండింటి తేడాలు చూపే డిఫ్ చూశాకే ప్రింటుకివ్వండి. దస్తావేజు కదా!

అడిగినవారు
రెండూ చేశాను, తూర్పు కుదుటపడింది. ‘గ్రా’ని గ్రామంగా విప్పుతోంది గానీ ‘గ్రాకి’ అలాగే ఉండిపోతోంది. ‘కి’ని విడదీద్దామనుకున్నా, ‘గ్రామంకి’ అని వస్తే నాన్నగారు ఊరుకోరు, ‘గ్రామానికి’ కావాలి. అందుకని ‘గ్రాకి’, ‘గ్రాలో’, ‘చగల’ ఇవన్నీ జాబితాలో విడివిడిగా ఎక్కించాను. ఈయనేమో రోజుకో కొత్తది కనిపెడుతున్నారు. నిన్న ‘యాహా’ అని వచ్చింది. యాజమాన్య హక్కులట.