పత్రికలోనే ఫొటో ముద్ర పెట్టి పంచిన టాల్బాట్ (1858): అసలు ముద్ర చూసినవాళ్లున్నారా?

దుమ్ముపుస్తకం:
పాత ఇంగ్లీషు పత్రికల స్కాన్లు తిరగేయడం నాకో పిచ్చి. లండన్ వారపత్రిక ‘ఫొటోగ్రాఫిక్ న్యూస్’ 1858 నవంబర్ 12 సంచిక దగ్గర ఆగిపోయాను. ఫొటోగ్రఫీ కనిపెట్టినవాళ్లలో ఒకడైన ఇంగ్లీషాయన హెన్రీ ఫాక్స్ టాల్బాట్ ఆ ఏడాదే పేటెంట్ తీసుకున్న ‘ఫొటోగ్లిఫిక్ ఎన్‌గ్రేవింగ్’ (ఫొటోను లోహపు రేకు మీద చెక్కి సిరాతో అచ్చువేసే పద్ధతి) గురించి అందులో రాశారు. రాసి ఊరుకోలేదు, ఆ పద్ధతిలో తీసిన ముద్రనే పత్రికలో పెట్టి చందాదారుల ఇళ్లకు పంపారు. నా స్కాన్‌లో ఆ పేజీ ఉంది. కాకపోతే స్కాన్ చేసినాయన పుస్తకమంతా నలుపు-తెలుపు మోడ్‌లో లాగించేశాడు, బొమ్మ మాడిన అట్టులా ఉంది. ఎవరైనా అసలుది చూశారా?

లండన్‌లో_గోదారోడు:
చూశానండీ, ఇక్కడి ఒక మ్యూజియంలో ముందుగా అడిగితే పెట్టె తీసి చూపించారు. చాలా చిన్నది, అరచేతిలో ఇమిడిపోతుంది. టాల్బాట్ ఈ నమూనాలకు సొంత ఫొటోలు వాడలేదు. క్లూజార్, సూలియే అనే వాళ్లు అమ్మిన పారిస్ స్టీరియో గాజు బొమ్మలు (రెండు కళ్లకూ చెరొకటి పెట్టి లోతు కనిపించేలా చూసే జంట ఫొటోలు) తీసుకున్నాడు. అందుకే ఆ సైజు. భూతద్దం పెడితే సన్నటి ఇసుక చల్లినట్టు గరుకు కనిపిస్తుంది. తీసేస్తే నీడ, వెలుగు కలిసిపోయి మామూలు ఫొటోలాగే ఉంటుంది.
ఇంకో తమాషా. పత్రిక కోసం ఇచ్చింది ఒక్క ప్లేటు కాదు, చాలా ఇచ్చాడు. కాబట్టి మీ కాపీలో ఉన్న బొమ్మ పక్కింటాయన కాపీలో ఉండకపోవచ్చు.

రాగిరేకు:
పద్ధతి చదివి నవ్వొచ్చింది. రాగిని తినడానికి టాల్బాట్ వాడింది ఫెర్రిక్ క్లోరైడ్! బీటెక్‌లో సర్క్యూట్ బోర్డులు చేసిన ప్రతివాడికీ అది తెలుసు. ప్లాస్టిక్ ట్రేలో గోధుమరంగు నీళ్లు, బోర్డు వేసి అటూ ఇటూ ఊపుతూ కూర్చోవడం. నా తెల్ల చొక్కా మీద పడ్డ మరక అమ్మ ఎన్ని ఉతుకులు ఉతికినా పోలేదు.
మేము మార్కర్ గీత కింద రాగిని దాచేవాళ్లం. టాల్బాట్ జెలటిన్‌లో బైక్రోమేట్ అనే రసాయనం కలిపి రేకు మీద పూశాడు. ఎండ తగిలినచోట అది గట్టిపడుతుంది, నీడలో ఉన్నచోట మెత్తగా ఉండి ద్రావణాన్ని లోపలికి రానిస్తుంది. ఇక్కడ మాకు తెలియని కిటుకు ఒకటుంది: చిక్కటి ద్రావణం గట్టిపడిన జెలటిన్‌ను దాటలేదు, నీళ్లు కలిపి పలచన చేసేకొద్దీ లోపలికి దిగుతుంది. చిక్కదనం మారుస్తూ ముందు నల్లటి భాగాలు, తర్వాత బూడిదరంగులు చెక్కేవాడన్నమాట. మేము పలచనైతే ‘మందు చచ్చిపోయింది’ అని పారబోసేవాళ్లం!

పాతబ్లాకు_బెజవాడ:
నేను ముప్పై ఏళ్లు పేపర్లో ఫొటోలు అచ్చువేసే బ్లాకులు చేశాను బాబూ, ఆఫ్‌సెట్ వచ్చి మా పొయ్యి ఆర్పేదాకా. మాది జింకు రేకు, నైట్రిక్ యాసిడ్. పూత కోడిగుడ్డు తెల్లసొనలో బైక్రోమేట్ కలిపి. టాల్బాట్ జెలటిన్‌కీ దీనికీ పెద్ద తేడా లేదు, ఎండ చేసే పని అదే. పేపరుకు 65 లైన్ల స్క్రీన్, అంటే అంగుళానికి 65 గీతలున్న గాజు. నెగెటివ్ తీసేటప్పుడే గాజు స్క్రీన్ అడ్డం పెడితే ముఖం చుక్కలుగా విడిపోయేది. ఆ చుక్కలు లేకపోతే నలుపంతా ఒకే ముద్ద.
ఇప్పుడు చెప్పండి, ఆయన స్క్రీన్ ఏం పెట్టాడు?

రాగిరేకు:
బాబాయ్ గారూ, 1852 పేటెంట్‌లో పల్చటి జాలిగుడ్డ మడతలు పెట్టి దాని గుండా ఎండ పడనిచ్చాడు. 1858కి వచ్చేసరికి కోపల్ అనే చెట్టుబంక పొడి జెలటిన్ మీద చల్లి, వేడిచేసి అతికించాడు. ఇందాక చెప్పిన ఇసుక గరుకు అదే.

పాతబ్లాకు_బెజవాడ:
అయితే జాలిగుడ్డ మా స్క్రీన్‌కు తాతయ్య. పొడి మేమూ వాడేవాళ్లం, ఎర్రగా ఉండేది, డ్రాగన్స్ బ్లడ్ అనేవాళ్లు. యాసిడ్ చుక్క పక్కల్ని తినేయకుండా కుంచెతో అద్ది కాల్చేవాళ్లం. పని వేరు, పొడి పొడే.

నికార్సు:
అందరూ పొగుడుతున్నారు గానీ, ఇది ఉచిత శాంపిల్ కాదా? షాంపూ సాషే పేపర్లో పెట్టి పంచినట్టు. ఆయన పేటెంట్ల పేరు చెబితేనే ఇంగ్లండ్ ఫొటోగ్రాఫర్లు మండిపడేవాళ్లు. 1854 డిసెంబర్‌లో లారోష్ అనే ఫొటోగ్రాఫర్ మీద వేసిన పేటెంట్ కేసు ఓడిపోయాడు. పౌల్ ప్రెట్ష్ అనే ఆస్ట్రియావాడు లండన్‌లో ఫొటోల్ని అచ్చురేకులుగా మార్చే ఫొటోగాల్వనోగ్రఫీ కంపెనీ పెట్టుకుంటే, నా పేటెంట్ తగులుతోందని బెదిరించాడు. ఇంత చెడ్డపేరు ఉన్నాయనకు మంచిపేరు కావాలంటే పత్రికే దారి.

దుమ్ముపుస్తకం:
శాంపిలే, ఒప్పుకుంటా. కానీ ఎవరికిచ్చాడో చూడండి. 1853 ఏప్రిల్‌లో పాత పద్ధతిని ‘అథీనియం’ పత్రికలో వివరంగా రాశాడు. అక్కడ చదివి నమ్మాలి, అంతే. 1858లో ఆయనకు 58 ఏళ్లు, ‘ఫొటోగ్రాఫిక్ న్యూస్’ ఎడిటర్ విలియం క్రూక్స్‌కు 26. తర్వాత థాలియం మూలకం కనిపెట్టిన క్రూక్స్ ఈయనే. పాఠకులు ఎవరు? ఇంట్లో డార్క్‌రూమ్ పెట్టుకున్న మనుషులు. వాళ్ల చేతికి ముద్ర ఇవ్వడమంటే భూతద్దం కూడా ఇచ్చి తప్పులు వెతకమన్నట్టే. షాంపూ కంపెనీ అంత ధైర్యం చేయదు. 1859లో అదే పత్రికలో పారిస్ ట్విలరీ ప్యాలెస్ ముద్ర కూడా వేశారు.

లండన్‌లో_గోదారోడు:
దానికి ముందు దెబ్బ తిన్న కథ కూడా ఉందండీ. 1846 జూన్‌లో ‘ఆర్ట్-యూనియన్’ పత్రికలో అసలు ఫొటోలే అతికించి పంచారు, వేలకొద్దీ. టాల్బాట్ ఇచ్చినవే, రెడింగ్ ఊళ్లో ఆయన పాత నౌకరు హెనెమన్ నడిపిన వర్క్‌షాప్‌లో తీసినవి. చాలావరకు వెలిసిపోయాయి! మ్యూజియంలో ఆ పెట్టెలోనే ఒకటి ఉంది, లేత పసుపు మచ్చ తప్ప ఏం కనబడలేదు. ఆ ఫొటోల్లో బొమ్మ పడేలా చేసే వెండి లవణం మీద నమ్మకం పోయి అచ్చు సిరా వైపు మళ్లాడంటే ఆశ్చర్యం లేదు.

నికార్సు:
ఈ 1846 సంగతి నాకు తెలీదు. సాషే మాట వెనక్కి తీసుకుంటా. పేటెంట్ గొణుగుడు మాత్రం ఉంచుకుంటా.

రాగిరేకు:
మరి ఆ కాలంలో మామూలు పేపర్లు బొమ్మలకు ఏం చేసేవి?

పాతబ్లాకు_బెజవాడ:
చెక్క. ‘ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్’ 1842 నుంచీ అంతే. ఫొటో చూసి బాక్స్‌వుడ్ మీద చెక్కేవాళ్లు. తొందరైతే ముక్కలు విడదీసి నలుగురికి పంచి, మళ్లీ బిగించేవాళ్లు. చెక్క అచ్చు అక్షరాలతో కలిసి ఒకే మెషీన్‌లో ఎక్కుతుంది. టాల్బాట్ రేకు గుంటల్లో సిరా నింపి, పైన తుడిచి, విడిగా ఒత్తాలి. ఎంత అందంగా ఉన్నా రోజువారీ పేపర్లో ఇమడదు. 1879లో వియన్నాలో కార్ల్ క్లీచ్ ఇదే దారిని బాగుచేసి ఫొటోగ్రావ్యూర్ చేశాడు, అదీ ఖరీదైన పుస్తకాలకే. పేపర్లకు హాఫ్‌టోన్ బ్లాకు, అదే మా చుక్కల బ్లాకు, రావాల్సి వచ్చింది.

దుమ్ముపుస్తకం:
థాంక్స్ బాబాయ్ గారూ. ఇంకో లైబ్రరీ స్కాన్ దొరికింది, ఈసారి రంగుల్లో ఉంది. ఆ సంచికలో ముద్ర పేజీని ఎవరో బ్లేడుతో కోసుకుపోయారు, అంచు మాత్రం మిగిలింది.