అమ్మకు లంగ్ క్యాన్సర్ అన్నారు, ముందు ఏం చేయాలి?

మాది అనకాపల్లి దగ్గర పల్లెటూరు. అమ్మకు 58. దగ్గు తగ్గకపోతే టీబీ అనుకుని నెలలు గడిపేశాం. పోయిన వారం బయాప్సీలో అడినోకార్సినోమా (లంగ్ క్యాన్సర్‌లో ఒక రకం), 4వ స్టేజ్ అని వచ్చింది. చుట్ట, బీడీ ఏనాడూ ముట్టని మనిషి. డాక్టర్ రెండు ముక్కల్లో చెప్పేసి తరువాతి పేషెంట్‌ను పిలిచారు. రాత్రంతా ఫోన్లో చదివితే టెన్షన్ పెరిగింది, అంతే. అమ్మకు మాత్రం నిమ్ము అని చెప్పాం.

జవాబు 1: తమ్ముడూ, మా ఆయనకీ ఇదే. ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే అనే జన్యువుల్లో మార్పులున్నాయేమో చూసే టెస్టులు చేశారా అని అడుగు. పొగ తాగనివాళ్లలో ఈ మార్పులు ఎక్కువగా కనిపిస్తాయి. ఉంటే కీమో బదులు మాత్రలతోనే వైద్యం మొదలుపెట్టొచ్చు. బయాప్సీ ముక్కను చిన్న మైనం దిమ్మలో ఉంచుతారు, బ్లాక్ అంటారు. ఈ టెస్టులకు అదే పనికొస్తుంది, అది, స్లైడ్లు అడిగి తెచ్చుకో. మేం అడగలేదు, ఆయనకు మళ్లీ సూది గుచ్చారు.

జవాబు 2: అగనంపూడిలో టాటా వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి మీకు దగ్గరే. ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) కార్డు, ఆధార్ జిరాక్సులు పట్టుకెళ్లండి. పాలియేటివ్ కేర్ (నొప్పి, ఆయాసం లాంటి బాధలు తగ్గించే వైద్యం) అనగానే చివరి రోజులని హడలిపోకండి. మా నాన్న ఆయాసం తగ్గి పడుకోగలిగింది వాళ్ల వల్లే.

జవాబు 3: అమ్మకు చెప్పండి బాబూ. మేం దాచాం. మా అత్తగారు మందుల చీటీ పక్కింటి పిల్ల చేత చదివించుకుని, మూడు రోజులు మాతో మాట్లాడలేదు.

అడిగినవారు: బ్లాక్ కోసం రేపు పొద్దున్నే వెళ్తున్నా అక్కా. అమ్మకు ఎలా చెప్పాలో ఇంకా తెలియట్లేదు. "నిమ్ముకి ఇన్ని స్కానింగులా?" అని ఇందాకే అడిగింది.